సమాధానం ఎండబెట్టిన గాజుపలకలు

కావలిలో ఒక డిగ్రీ కాలేజీలో సమాధానం ఇరవై ఎనిమిదేళ్ళుగా ఫిజిక్సు డిపార్ట్‌మెంటు అటెండరు. ఆయన్ని ఒక ప్రశ్న అడిగి ఒక్క మాటలో జవాబు రాబట్టినవాళ్ళు ఆ కాలేజీలో లేరు. "స్క్రూగేజి ఎక్కడుంది?" అని అడిగితే, దాన్ని ఏ సంవత్సరం కొన్నారో, ఏ లారీలో వచ్చిందో, ఆ రోజు ఎంత వాన పడిందో, లారీ డ్రైవరుకి ఎంత జ్వరమో అన్నీ చెప్పేవాడు. చెప్పడం పూర్తయ్యాక తన చొక్కా జేబులోంచే స్క్రూగేజి తీసి చేతిలో పెట్టేవాడు.

"పేరులో ఉన్నది నోట్లో లేదేందయ్యా నీకు?" అని లెక్చరర్లు ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన నొచ్చుకునేవాడు కాదు. తన తండ్రి బైబిలు చూసి ఆ పేరు పెట్టాడనీ, అక్కడ సమాధానం అంటే శాంతి, నెమ్మది అనీ, దానికీ జవాబులకీ ఏమీ సంబంధం లేదనీ వివరించేవాడు. ఆ వివరణకి పావుగంట పట్టేది.

మనిషికి ఒక్కటే గర్వం. గాజు కడగడంలో జిల్లాలో తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం. శుభ్రమైన గాజు మీద నీళ్ళు పోస్తే ఒకే పొరలా జారిపోవాలి, ఎక్కడా చుక్క నిలవకూడదు. చుక్క నిలిస్తే మళ్ళీ కడగాలి. కెమిస్ట్రీ ల్యాబు ముందు నుంచి నడిచినప్పుడల్లా అక్కడి బీకర్లను చూసి, "పాపం, ఏం కడుగుతారో ఏమో," అని పైకి వినపడేలా అనేవాడు. కెమిస్ట్రీ లెక్చరరు నరేంద్రబాబుకి ఆ మాట ముల్లులా గుచ్చుకునేది.

మూడేళ్ళ కిందట సుప్రియ ఆ డిపార్ట్‌మెంటులో చేరింది. నాయుడుపేట దగ్గరి పల్లెలో వరి పండించే ఇంటి అమ్మాయి. డాక్టరేటు చేసి, ఒక పరిశోధన ప్రాజెక్టుతో సహా వచ్చింది. ఆమె వెనకాలే చెక్కపెట్టెలో హార్మోనియం అంత లేజరు యంత్రం వచ్చింది. దానికి చీకటిగది కావాలంటే పాత స్టోరురూము ఖాళీ చేయించారు. సమాధానం మైదాపిండి జిగురు ఉడికించి, కిటికీలన్నిటికీ నల్ల చార్టుకాగితం అంటించాడు. బొద్దింకలు జిగురు తినేసి కాగితాలు ఊడగొట్టాయి. రెండోసారి జిగురులో కాస్త వేపనూనె కలిపాడు. బొద్దింకలు పోయాయి గానీ, నెలరోజులు ఆ గదిలోకి సుప్రియ కూడా పోలేకపోయింది.

అన్నీ అమరాక ఒకరోజు సమాధానం అడిగాడు. "మేడం, ఇందులోంచి ఏమొస్తాది?"

"కంటికి కనపడని కాంతి వస్తుంది సమాధానం గారూ. అది ఈ గాజుపలక మీద పడితే, అవతల పక్క ఆకుపచ్చ వెలుగు రావాలి."

"కనపడనిది లోపలికి పోయి, కనపడేది బయటికొస్తాదా?"

"అవును. కనపడని వెలుగు కణాలు రెండు కలిసి ఒకే ఆకుపచ్చ కణం అవుతాయి. కానీ ఊరికే కాదు. మామూలు వస్తువుకి రెండింతలు వెలుగిస్తే రెండింతలే తిరిగిస్తుంది. ఇది అట్టా కాదు. రెండింతలిస్తే నాలుగింతలిస్తుంది. మూడింతలిస్తే తొమ్మిదింతలు. కొంచెమే ఇస్తే ఇచ్చిందో లేదో కూడా తెలియదు. దీన్ని నాన్‌లీనియర్ అంటారు."

సమాధానం చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితే మా చర్చి ఆంప్లిఫయరే మేడం ఇది," అన్నాడు.

చర్చిలో మైకు వ్యవహారం ఆయనదే. ఆదివారం ఆరాధనకి తెల్లచొక్కా వేసుకుని, ఆంప్లిఫయరు పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. "మా ఆవిడ ఎలిశబెతు పాట పాడతాది. సౌండు తక్కువ పెడితే ఆమె గొంతొకటే వస్తాది. బాగా పైకి తిప్పినామనుకోండి, ఆ గొంతు మీద ఇంకో సన్నగొంతు పుడతాది. అదే పాట, అదే రాగం, కాకపోతే పైస్థాయిలో. లేని మనిషి పాడినట్టుంటాది. దేవదూత వంత పాడతా ఉండాదని పాస్టరుగారు అంటాడు. నేనేమో స్పీకరు చిరుగుతాదని తగ్గిస్తా."

సుప్రియ చేతిలోని పెన్ను టేబుల్ మీద పెట్టేసింది. "ఇదే విషయం ఫైనలియరు వాళ్ళకి రెండు నెలలుగా చెప్తున్నా సమాధానం గారూ. ఒక్కరూ ఈ మాట అనలేదు."

"మరి సౌండు పెంచేద్దాం మేడం."

"పెంచితే పలక కాలిపోతుంది. లేజరు పెంచకుండా, ఆ సన్నగొంతును మాత్రం పెద్దది చెయ్యాలి. నా పనంతా అదే."

పలకల తయారీ ఆమె చేసుకునేది. పసిపిల్లల ఒంటికి రాసే తెల్ల మందులో ఉండే జింక్ ఆక్సైడే గాజు మీద సూదుల్లా మొలిచేది. ఒక్కో సూది ఎంత సన్నమంటే, వెయ్యి పక్కపక్కన పేర్చితే ఒక వెంట్రుక మందం. ఒక విడత పలకలకి రెండు రోజులు పట్టేది. ఆ తర్వాత పని సమాధానానిది. పలకల్ని శుద్ధజలంలో ముంచి తీసి, ఓవెన్‌లో గంటసేపు ఆరబెట్టి, పట్టకారుతో డబ్బాలో సర్ది, నోటితో ఊపిరి తగలకుండా పట్టుకెళ్ళి ఇచ్చేవాడు. చీకటిగదిలో కంప్యూటరు ఆ వెలుగుని లెక్కపెట్టి ఒక అంకె చూపించేది. ఏ విడత చూసినా నలభై. ఒక్కోసారి ముప్పై ఎనిమిది. ఆ వెలుగు కంటికి ఆనేది కాదు.

ప్రిన్సిపాలు చంద్రమౌళి రోజూ వరండాలో ఆపి అడిగేవాడు. "ఏమ్మా, పచ్చ వచ్చిందా?" పెళ్ళిపందిట్లో సీరియల్ లైట్లు వెలిగాయా అని అడిగినట్టు ఉండేది ఆ అడగడం. ప్రాజెక్టును పరిశీలించడానికి ఫిబ్రవరిలో ఇద్దరు పెద్దమనుషులు వస్తున్నారు. అప్పటికి కాలేజీలో చూపించడానికి ఏదో ఒకటి వెలగాలని ఆయన పట్టుదల.

నవంబరులో మూడు రోజులు ముసురు పట్టింది. ఆ ముసురే అన్నిటికీ మూలం.

మైపాడులో ఉండే ఎలిశబెతు చెల్లెలు లిల్లీ ఒక సంచీ నిండా నెత్తళ్ళు పంపింది. అవి నాయుడుపేటలో ఉన్న ఎలిశబెతు కూతురు కెజియా కోసం. కెజియా బాలింత. మూడో నెల దాటాక అత్తగారింటికి పోయింది. నెత్తళ్ళు తింటే పాలు బాగా పడతాయని ఎలిశబెతు నమ్మకం. కానీ చేపలు సగమే ఎండాయి. ఎండ లేదు. మర్నాడు పొద్దున్నే రైలుకి అవి పోవాలి.

"ఏమయ్యా, మీ కాలేజీలో అదేందో పెట్టె ఉండాదన్నావే, వేడిగా?" అంది ఎలిశబెతు.

"అది గవర్నమెంటు ఓవెను మే. అందులో చేపలు పెడతారా?"

"నీ మనవరాలికి పాలు చాలటం లేదంట. అది గవర్నమెంటుకి చెప్పుకోమంటావా?"

ఆ మాటకి సమాధానం లొంగిపోయాడు. టిఫిను సంచిలో నెత్తళ్ళు పెట్టుకుని గంట ముందే కాలేజీకి చేరి, స్టీలు ట్రేలో పరిచి ఓవెన్‌లో పెట్టేశాడు. పదకొండింటికి తీసేస్తే ఎవరికీ తెలియదనుకున్నాడు.

పదిన్నరకే సుప్రియ ఆరు పలకలు తెచ్చి ఇచ్చింది. "ఇవి కొంచెం త్వరగా ఆరబెట్టండి. మధ్యాహ్నానికి కొలుస్తా."

ఓవెన్ తలుపు తీసి చూశాడు. నెత్తళ్ళు ఇంకా మెత్తగానే ఉన్నాయి. అప్పుడే కిటికీలోంచి ఎండ పడింది. మూడు రోజుల తర్వాత వచ్చిన ఎండ, కళ్ళు చెదిరేట్టు. సమాధానానికి ఉపాయం తోచింది. చేపలు మేడ మీద పెడితే కాలేజీ అంతా చూస్తుంది. గాజుపలకలు పెడితే ఎవడు చూస్తాడు?

ముందు పలకలు ముంచడానికి బీకరు కావాలి. తనవన్నీ సబ్బునీళ్ళలో నానుతున్నాయి, ఇంకా కడగలేదు. పక్కనే కెమిస్ట్రీ ల్యాబు తలుపు తెరిచి ఉంది. సింకు గట్టు మీద ఒక బీకరు, అడుగున చెంచాడు నీళ్ళు. అది పట్టుకొచ్చి, దాని నిండా శుద్ధజలం పోసి, పలకలు వేసి, మేడెక్కి ఎండలో పెట్టి, కాసేపాగి వచ్చి తీసి ఆరేయొచ్చని పరుగున కిందికి దిగాడు. చేపలు తిరగేయాలి మరి.

మెట్ల దగ్గరే చంద్రమౌళి పట్టుకున్నాడు. "సమాధానం, ఏదో నీచువాసన వస్తోంది నీకేమైనా తెలుస్తోందా?"

"లేదు సార్. నాకు పడిశం."

"నాతో రా. ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకుందాం."

ఇద్దరూ ముప్పావుగంట కాలేజీ అంతా వాసన చూస్తూ తిరిగారు. ముందు ప్రిన్సిపాలు, వెనక సమాధానం. ప్రిన్సిపాలు కుడివైపు పోబోయినప్పుడల్లా సమాధానం ఎడమవైపు ముక్కు పెట్టి గట్టిగా పీల్చేవాడు. చివరికి జువాలజీ మ్యూజియంలో ఒక సీసా మూత వదులుగా కనిపించింది. ముప్పయ్యేళ్ళుగా అందులో ఉన్న సొరచేప పిల్ల మీద నేరం పడింది. దాన్ని కాలేజీ వెనక పాతిపెట్టమన్నారు. గొయ్యి తవ్వే పని సమాధానానికే అప్పగించారు. మన్ను కప్పాక, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఆ నిరపరాధి కోసం ఆయన కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశాడు.

అయినా అనుమానం తీరక, ప్రిన్సిపాలు ఆ సాయంత్రమే నోటీసుబోర్డు మీద సర్క్యులరు పెట్టించాడు. కాలేజీ పరికరాలను సొంత పనులకు వాడినవారిపై కఠిన చర్య తీసుకోబడును.

ఈ గొడవలో పలకల సంగతి మరిచిపోయాడు. ఎండిన నెత్తళ్ళు సంచిలో దాచి మేడెక్కేసరికి బీకర్లో నీళ్ళు వేడెక్కి ఉన్నాయి. పలకలు తెల్లగా లేవు, పల్చని టీ రంగు పట్టాయి.  వేళ్ళతోనే తీసి, ఉఫ్ ఉఫ్ అని ఊది, డబ్బాలో సర్ది, ఏమీ ఎరగనట్టు సుప్రియకి ఇచ్చాడు.

పది నిమిషాల తర్వాత చీకటిగదిలోంచి కేక వినపడింది. "సమాధానం గారూ!"

తన ఉద్యోగం ఆ కేకతోనే పోయిందనుకున్నాడు. లోపలికి పోయి చూస్తే, కంప్యూటరు మీద అంకె వెయ్యీ ముప్పై. సుప్రియ నోరు తెరుచుకుని నిలబడి ఉంది. ఆయనకి లేజరు కళ్ళద్దాలు పెట్టి, పలక వైపు చూపించింది. నల్లటి చీకట్లో ఆవగింజంత ఆకుపచ్చ చుక్క. అది వణకలేదు, ఆరలేదు. అక్కడే నిలబడి వెలుగుతోంది.

చంద్రమౌళి పరుగున వచ్చాడు. తలుపు చట్రానికి తల కొట్టుకుని, కళ్ళముందు మిణుకుమన్నవి చూసి, "వచ్చింది, వచ్చింది," అన్నాడు. అసలు చుక్క ఆ తర్వాత చూపించారు.

మర్నాడు పొద్దున సమాధానం ఎడమచేతి మూడు వేళ్ళు నల్లబడ్డాయి. సబ్బుతో పోలేదు, చింతపండుతో పోలేదు, కిరసనాయిలుతో పోలేదు. "ఎన్నికలు ఎప్పుడయినాయి? నాకు చెప్పకుండా ఒక్కడివే పోయి ఓటేసినావా?" అని ఎలిశబెతు అడిగింది. దొంగతనంగా ఓవెను వాడినందుకు దేవుడు వేసిన గుర్తని సమాధానానికి లోలోపల అనుమానం.

ఇక కష్టాలు మొదలయ్యాయి. ఆ తర్వాతి విడత పలకలు ఓవెన్‌లో చక్కగా ఆరాయి. అంకె నలభై. ఇంకో విడత. నలభై ఒకటి. మొదటి ఆరు పలకలు మాత్రం ఎప్పుడు పెట్టినా వెయ్యి చూపిస్తూనే ఉన్నాయి. సుప్రియ మందు మార్చింది, వేడి మార్చింది, నీళ్ళు మార్చింది. డిసెంబరు అంతా నలభై దగ్గరే గడిచింది.

"ఆ రోజు మీరు వేరేగా ఏమైనా చేసినారా సమాధానం గారూ?" అని అడిగింది.

"ఏం చేస్తా మేడం, రోజూ చేసేదే," అన్నాడు. ఆయన జీవితంలో అంత చిన్న జవాబు అదే మొదటిది. సుప్రియ అప్పుడే అనుమానించాల్సింది.

చెప్పకపోయినా, ఆయనకి మనసు నిలవలేదు. తానే రహస్యంగా పరీక్షలు పెట్టడం మొదలుపెట్టాడు. ఒకసారి రెండు పలకలు తీసి, తన బీకర్లో వేసి, ఎండలో పెట్టాడు. నలభై. అయితే ఎండ కాదు, చేపలే అయ్యుండాలి. మళ్ళీ నెత్తళ్ళు తెచ్చి, ఓవెన్‌లో పైఅరలో చేపలు, కిందిఅరలో పలకలు పెట్టాడు. ముప్పై తొమ్మిది. అయితే ఉప్పేమో. నెత్తళ్ళు నానబెట్టిన ఉప్పునీళ్ళలో పలకలు ముంచి ఇచ్చాడు. ఆ రోజు సుప్రియ డబ్బా తెరిచి, ముక్కు చిట్లించి, "ఇదేం వాసన?" అంది.

"జువాలజీ సొరపిల్ల మేడం. గాలి ఇటు తిరిగినట్టుంది."

"దాన్ని పాతిపెట్టి నెలయింది కదా?"

"చాలా పాత సొరపిల్ల మేడం."

ఒక్కో పరీక్షకీ ఒక్కటే మార్చాలని ఆయనకి ఎవరూ నేర్పలేదు. మైకు చెడిపోతే ఒక్కో వైరూ విడిగా తీసి చూసే అలవాటు నుంచి వచ్చింది అది. ఫలితాలన్నీ చర్చి కేలండరు వెనక పెన్సిలుతో రాసుకున్నాడు. మొత్తం తొమ్మిది పరీక్షలు. ఒక్కదానిలోనూ ఆకుపచ్చ రాలేదు.

"రోజూ నా చేపలు కాలేజీకి మోసుకుపోతావేంది?" అని ఎలిశబెతు నిలదీసింది. చెప్పేశాడు. ఆమె చీపురు పక్కన పెట్టి కూర్చుని, మొత్తం వింది. "ఆ పిల్ల రెండు రోజులు కష్టపడి చేసిన వాటిని నువ్వు ఉప్పునీళ్ళలో ముంచినావా?"

సమాధానం తలొంచుకున్నాడు.

జనవరి రెండోవారంలో ఒక మధ్యాహ్నం ఆయన చీకటిగదిలోకి టీ తీసుకెళ్ళాడు. సుప్రియ లేజరు ఆపేసి, చీకట్లో ఊరికే కూర్చుని ఉంది.  "ఫిబ్రవరిలో వచ్చేవాళ్ళకి చెప్పేస్తా సమాధానం గారూ. ఆ ఆరు పలకలూ ఏదో పొరపాటు, లెక్కలోకి తీసుకోవద్దని. మళ్ళీ చేసి చూపించలేనిది ఉన్నట్టు కాదు."

ఆయన టీగ్లాసు కింద పెట్టాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, లిల్లీ సంచి పంపించినప్పటి నుంచి చెప్పమంటారా, ముసురు పట్టినప్పటి నుంచి చెప్పమంటారా?"

"లిల్లీ ఎవరు?"

"మా మరదలు. మైపాడు."

లిల్లీ నుంచే మొదలుపెట్టాడు. ఓవెన్‌లో చేపలని విన్నప్పుడు సుప్రియ కోపంగా లేచి నిలబడింది.  సొరపిల్లకి ప్రార్థన చేశాడని విన్నప్పుడు మళ్ళీ కూర్చుంది. ఉప్పునీళ్ళ దగ్గర తల పట్టుకుంది. కేలండరు తీసి చూపించినప్పుడు మాత్రం దాన్ని లాక్కుని, ఫోను వెలుగులో తొమ్మిది పరీక్షలూ రెండుసార్లు చదివింది.

"ఇది మీరే రాసినారా?"

"తప్పులుంటే క్షమించాల మేడం."

"తప్పులు కాదు. ఎండ కాదు, చేపలు కాదు, ఉప్పు కాదని మీరు తేల్చేసినారు. నేను నెలన్నరగా తేల్చలేకపోయినా." ఆమె ఒక కొత్త కాగితం తీసింది. "మళ్ళీ చెప్పండి. ఒక్కటి కూడా వదలకుండా. ఇవ్వాళ మిమ్మల్ని ఎవరూ ఆపరు."

అంత గొప్ప అవకాశం సమాధానానికి అంతకుముందెప్పుడూ రాలేదు. గంటన్నర చెప్పాడు. ఆమె నాలుగు పేజీలు రాసింది. కానీ బీకరు దగ్గరికి వచ్చేసరికి, "బీకర్లో నీళ్ళు పోసి పలకలేసినా" అని గబగబా దాటేశాడు. అప్పుడే ఆయన ఎడమచెయ్యి టీగ్లాసు మీదికి వచ్చింది. చూపుడువేలి గోరు చివర నల్లగా, సగం పెరిగిపోయిన మచ్చ.

"గోరుకి ఏమైంది?"

"అది అప్పటిదే మేడం. మర్నాడు మూడు వేళ్ళూ నల్లబడినాయి. మా ఆవిడ ఓటేసినావా అనింది."

సుప్రియ రాయడం ఆపింది. "ఓటు సిరానా? సమాధానం గారూ, ఆ బీకరు ఎవరిది?"

ఆయన నేల చూశాడు. చేపల గురించి చెప్పినప్పుడు కూడా ఆ ముఖం అంతగా వాడలేదు.

"కెమిస్ట్రీది."

"కడిగినారా?"

బయట వరండాలో బెల్లు కొట్టారు. 

"కడగలేదు మేడం," అన్నాడు, వినీ వినపడకుండా. "అడుగున చెంచాడు ఉంటే నీళ్ళే అనుకున్నా. తొందరలో ఉన్నా. ఇరవై ఎనిమిదేళ్ళలో అదొక్కటే. నన్ను ఏమైనా చెయ్యండి గానీ, ఈ మాట నరేంద్రబాబు సారుకి మాత్రం తెలియనీయొద్దు."

సుప్రియ అప్పటికే తలుపు దాటి పరుగెత్తింది. నరేంద్రబాబు దగ్గరికే.

"సిల్వర్ నైట్రేట్," అన్నాడు నరేంద్రబాబు, గోరు చూసిన మరుక్షణం. "ఓటు సిరాలో ఉండేది ఇదే. చర్మం మీద పడి ఎండ తగిలితే నల్లబడుతుంది. నవంబరులో స్టూడెంట్స్‌కి సాల్ట్ అనాలిసిస్ చేయించినా. ఒక బీకరు పోయిందని రిజిస్టరులో కూడా రాసినా." తర్వాత సంగతి అర్థమై, చిన్నగా నవ్వు మొదలైంది. "అయితే సమాధానం, కడగకుండా వాడినావన్నమాట."

"అన్నమాటే సార్," అన్నాడు సమాధానం, నేల చూస్తూ.

మర్నాడు ముగ్గురూ మేడెక్కారు. శుద్ధజలంలో కొంచెం సిల్వర్ నైట్రేటు, పలకలు, ఎండ. నీళ్ళలోని వెండి జింక్ సూదుల మీదికి దిగి, చిన్న రవ్వలుగా అంటుకుంటుందని సుప్రియ చెప్పింది. పలకలు సమాధానం కళ్ళముందే పల్చని టీ రంగుకి తిరిగాయి. చీకటిగదిలో అంకె వెయ్యి దాటింది. ఇంకో విడత. మళ్ళీ దాటింది. సుప్రియ గోడకి ఆనుకుని, ముందు నవ్వి, తర్వాత చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

"వెండి ఏం చేస్తాది మేడం?" అని అడిగాడు.

"వెండి రవ్వ పక్కన వెలుగంతా వచ్చి కిక్కిరిసిపోతుంది. మనం లేజరు పెంచలేదు. కానీ రవ్వకి ఆనుకున్న చోట మాత్రం వెలుగు ఐదింతలయింది. ఐదింతలయితే?"

సమాధానం వేళ్ళు లెక్కపెట్టలేదు. "ఇరవై ఐదింతలు," అన్నాడు.

ఫిబ్రవరిలో పెద్దమనుషులు వచ్చారు. వాళ్ళలో ఒకాయన తల పూర్తిగా నెరిసింది. కొలతలన్నీ ఓపికగా చూసి, చివరికి సుప్రియని అడిగాడు. "వెండి పూయడం చాలామంది చేస్తారు. కానీ ఇంత సులువుగా, మేడ మీద ఎండలో చెయ్యొచ్చని మీకెలా తట్టింది?"

సుప్రియ ఒకసారి ప్రిన్సిపాలు వైపు, ఒకసారి తలుపు దగ్గర టీ ట్రేతో నిలబడ్డ సమాధానం వైపు చూసింది. "నాకు తట్టలేదు సార్. ఓవెన్‌లో చేపలుండబట్టి."

చంద్రమౌళి చేతిలోని బిస్కెట్టు టీలోకి జారిపడింది.

పెద్దాయన సమాధానం వైపు తిరిగాడు. "ఏం చేపలు?"

"నెత్తళ్ళు సార్. మైపాడువి. మా మరదలు లిల్లీ పంపించింది. అసలు ఆ సంవత్సరం నెత్తళ్ళు ముందే పడినాయి సార్, ఎందుకంటే..."

పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కుని మొత్తం విన్నాడు. సొరపిల్ల దగ్గర ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. అతిథులు నవ్వుతున్నారు కాబట్టి చంద్రమౌళి కూడా నవ్వాడు, పెదాలతో మాత్రమే.

మర్నాడు సమాధానానికి మెమో వచ్చింది. ఈ నోటీసు అందిన మూడు రోజులలోగా మీ సమాధానం లిఖితపూర్వకముగా సమర్పించవలెను. ఆయన పదకొండు పేజీలు సమర్పించాడు. నాలుగో పేజీలో ఇంకా ముసురు పట్టనే లేదు. చంద్రమౌళి అక్కడే ఆపి, 'హెచ్చరించడమైనది' అని రాసి ఫైలు మూసేశాడు. తొమ్మిదో పేజీలో సొరపిల్ల గురించి జువాలజీ వారికి రాసిన క్షమాపణ ఎవరూ చదవలేదు. ఓవెనుకి తాళం వేయించారు. తాళంచెవి ల్యాబు అటెండరు దగ్గర ఉండాలని రూలు కాబట్టి, దాన్ని సమాధానానికే ఇచ్చారు.

జూన్‌లో సుప్రియ వ్యాసం ఒక సైన్సు పత్రికలో అచ్చయింది. చివర చిన్న అక్షరాల్లో, పలకల తయారీలో పరిశీలనలకు గాను సమాధానానికి కృతజ్ఞతలు అని ఉంది. ఆ పేజీ జిరాక్సు తీయించి ఇంటికి తెచ్చాడు. ఎలిశబెతు కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి చూసింది.

"నెత్తళ్ళ మాట ఏదీ?"

"అట్టాంటివి రాయరు మే."

"లిల్లీ పేరు?"

"అది కూడా రాయరు."

"పెట్టెలో పెట్టమని చెప్పింది నేను," అంది ఎలిశబెతు. రెండు రోజులు ఆ కాగితం ఉన్న గూడు వైపు చూడలేదు.

మూడోరోజు సుప్రియే ఆమెని కాలేజీకి పిలిపించింది. ఎలిశబెతు చర్చికి కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. చీకటిగదిలో స్టూలు మీద కూర్చోబెట్టి, కళ్ళద్దాలు పెట్టి, దీపం ఆర్పారు. సమాధానం పలకని స్టాండులో బిగించాడు. సుప్రియ మీట నొక్కింది.

ఆకుపచ్చ చుక్క వెలిగింది.

"ఇంతేనా?" అంది ఎలిశబెతు. "దీనికా మీరిద్దరూ ఇన్ని నెలలు..."

"ఇంతేనక్కా," అంది సుప్రియ నవ్వుతూ. "ఇంతకుముందు ఇది కూడా కనపడేది కాదు."

సమాధానం, కనపడని వెలుగు ఎట్టా లోపలికి పోతుందో, ఎట్టా రంగు మారి బయటికి వస్తుందో మొదటి నుంచీ చెప్పడం ప్రారంభించాడు. ఎలిశబెతు చీకట్లోనే చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. సుప్రియ లేజరు ఆపబోయింది.

"ఉండనీమ్మా," అంది ఎలిశబెతు, ముందుకి వంగి. "ఇంకాసేపు ఉండనీ."